ఒంటరిగా మూడు ఊళ్లు

దేశాటనం చేస్తే లోకజ్ఞానం కలుగుతుందని పెద్దలు చెప్పారు గాని, ఎంత దూరం పోతే కలుగుతుందో చెప్పలేదు. వెనకటివాళ్లు కాశీకి పోయివచ్చి ఊరందరికీ సమారాధన చేసేవారు. ఇప్పటివాళ్లు ఐరోపాకు పోయివచ్చి ఊరందరికీ ఫోటోలు చూపిస్తున్నారు. అందులోనూ ఈ మధ్య కొత్త మోజు ఒకటి పుట్టింది. తోడెవరూ లేకుండా, వీపున ఒక సంచి తగిలించుకొని, ఒక్కరే ఊరూరా తిరిగి రావడం. ప్రాగ్, వియన్నా, సాల్జ్‌బర్గ్, ఫ్లారెన్స్ - ఇవన్నీ కాలినడకను చూడదగిన ఊళ్లేనట. వీధి మలుపు తిరిగితే ఒక చరిత్ర.

అక్కడి వాళ్ల శ్రద్ధను మెచ్చుకోవలసిందే. సాల్జ్‌బర్గ్‌లో మొజార్టు అనే సంగీత విద్వాంసుడు పుట్టిన ఇల్లు 1880 నుంచీ ప్రదర్శనశాలగా ఉంది. లండనులో గొప్పవాళ్లు కాపురమున్న ఇళ్ల గోడలకు గుండ్రని పలకలు బిగించడం 1867లోనే ప్రారంభించారు. మొట్టమొదటి పలక బైరన్ కవికి దక్కింది. దారినపోయేవాడు తల పైకెత్తితే చాలు, ఈ ఇంట్లో ఎవరుండేవారో తెలిసిపోతుంది. అడగనక్కరలేదు.

"నువ్వూ ఒకసారి అలా పోయిరాకూడదా, పెద్దమ్మా?" అని మా చెల్లెలి కొడుకు సలహా ఇచ్చాడు. సముద్రం దాటబోయే ముందు ఏరు దాటి చూడడం మంచిది గదా! ఒంటరి ప్రయాణమనే ఈ విద్యను మన దేశంలోనే అభ్యసించి చూద్దామనిపించింది. కళాశాలకు నాలుగు రోజులు సెలవులు కలిసివచ్చాయి. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి అంచున ఒకదాని కింద ఒకటి బొత్తిపెట్టినట్లుండే మూడు ఊళ్లను ఎంచుకొన్నాను - మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మూడూ కొండల నడిమి ఊళ్లే. మూడూ కర్ణాటకానికి కూతవేటు దూరంలో ఉన్నవే. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాది. పుంగనూరు, కుప్పం ఉత్తరార్కాటువి. అంటే ఈ ఊళ్ల కలయిక కూడా నూరేళ్లకు కొంచెం పైబడినదే.

నియమాలు మాత్రం ఐరోపా యాత్రికులవే పెట్టుకొన్నాను. తోడు ఉండకూడదు. వీలైనంతవరకు నడవాలి. చూచినదాన్ని ఆ పూటే పుస్తకంలో వ్రాసుకోవాలి. గోడలకు పలకలు లేనిచోట మనుషులను అడగాలి. ఈ చివరి నియమమే నాకు ఎక్కువ పని కల్పించింది.

మదనపల్లె

తిరుపతి నుంచి పీలేరు, వాయల్పాడు మీదుగా బస్సు మదనపల్లె చేరుతుంది. వాయల్పాడు దాటినప్పటి నుంచి గాలి మారుతుంది. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన ఉన్న ఊరు ఇది. మిట్టమధ్యాహ్నం దిగినా ఒంటికి హాయిగానే ఉంది. హాయి లేనిది వసతి గృహం బల్ల దగ్గర మాత్రమే. అక్కడి గుమాస్తా నా ఆధార్ కార్డును ముందొకసారి, వెనకొకసారి తిప్పిచూచి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని వాకిలివైపు చూచి, "ఒక్కరేనా, మేడమ్?" అన్నాడు.

"ఒక్కదాన్నే."

"ఎవరింట్లోనన్నా పెండ్లా?"

"కాదు. ఊరు చూడడానికి వచ్చాను."

ఆయన ముఖంలో కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్లుంది. "ఈ ఊర్లో చూసేదానికి ఏముంది మేడమ్? హార్సిలీ హిల్సుకు పోయేవాళ్లు ఈడ దిగి పోతారు, అంతే" అని తాళం చెవి ఇచ్చాడు. ఇదే మాట మూడు ఊళ్లలోనూ విన్నాను. మా ఊళ్లో ఏముంది చూడడానికి?

ఏముందో చెబుతాను.

బజారు దాటి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు నడిచి వెళ్లాను. అనీబిసెంట్ 1915లో నెలకొల్పిన కళాశాల ఇది. 1919 ఫిబ్రవరి చివరి రోజుల్లో రవీంద్రనాథ ఠాకూరు ఇక్కడికి వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ అనే ఐర్లండు దేశపు కవి. ఒక సాయంత్రం విద్యార్థులందరూ కూడిన సభలో రవీంద్రులు ఒక బెంగాలీ గీతాన్ని పాడారు. అది 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి వినిపించిన గీతం. అయినా దక్షిణదేశంలో అప్పటికి దాన్ని ఎరిగినవారు అరుదు. విన్నవాళ్లకు భాష తెలియకపోయినా పాట పట్టుకొన్నది. తరువాత రవీంద్రులు ఇక్కడే దానికి ఇంగ్లీషు అనువాదం చేశారు. "భారత ప్రభాతగీతం" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. కజిన్స్ గారి భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతంలో పట్టా పుచ్చుకొన్న విదుషి. ఆమె ఆ బాణీకి స్వరాలు వ్రాసిపెట్టింది. కళాశాలలో అది ప్రార్థనాగీతమయింది. 1950 జనవరి 24న ఆ గీతంలోని మొదటి చరణమే మన జాతీయగీతమయింది.

ఇది జరిగిన కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఫిబ్రవరిలో మదనపల్లెలో ఈ ప్రశాంత సభ. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. మే నెలాఖరున రవీంద్రులు బ్రిటిషువారు ఇచ్చిన సర్ బిరుదాన్ని వదులుకొన్నారు. ఆ సంవత్సరపు నిప్పులు రాజుకోక ముందు ఆయన కొద్దిరోజులు ఊపిరి పీల్చుకొన్న చోటు ఈ చెట్ల నీడ.

మార్గరెట్ కజిన్స్ గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. స్వదేశంలో స్త్రీలకు ఓటుహక్కు కావాలని 1908లో సంఘం పెట్టి, 1910లో లండనులో జైలుకు పోయిన మనిషి ఆమె. మన దేశానికి వచ్చాక ఊరుకొన్నదా? 1917లో మద్రాసులో భారత మహిళాసంఘం స్థాపనలో పాలుపంచుకొన్నది. ఆ సంవత్సరమే సరోజినీనాయుడు నాయకత్వాన స్త్రీల ప్రతినిధివర్గం భారతమంత్రి మాంటేగును కలుసుకొని ఓటు అడగడానికి వెనక ఉన్న పట్టుదల ఈమెదే. 1921లో మద్రాసు రాష్ట్రపు స్త్రీలకు ఆస్తి, చదువు వంటి షరతులతోనైనా ఓటు లభించింది. మన అవ్వలు వేలికి సిరా పూయించుకోవడం వెనక మదనపల్లెలో హార్మనీ వ్రాసిన ఒక ఐరిష్ ఇల్లాలి శ్రమ కూడా ఉంది.

కళాశాల దగ్గర నిలబడివున్న ఇద్దరు ఆడపిల్లలను పలకరించాను. ఇక్కడ ఠాకూరు ఉన్నాడని వాళ్లకు తెలుసు. "జనగణమన ఇంగ్లీషులో వ్రాసింది ఈడే కదా మేడమ్" అని గర్వంగానే చెప్పారు. మార్గరెట్ పేరు మాత్రం ఎరగరు. చెప్పాను. ఒక పిల్ల ఫోనులో ఆ పేరు వ్రాసుకొంది. "ఆమె గూడా మీ మాదిరి ఒక్కతే తిరిగేదా మేడమ్?" అని రెండో పిల్ల అడిగింది. భర్తతో వచ్చిందమ్మా గాని, జైలుకు మాత్రం ఒక్కతే పోయిందన్నాను. ముగ్గురం నవ్వుకొన్నాం.

ఊళ్లోనే మరొక చిన్న ఇల్లు ఉంది. జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు 1895 మే నెలలో ఎనిమిదో సంతానం అక్కడే కలిగింది. ఎనిమిదో బిడ్డ గనుక కృష్ణుడి పేరే పెట్టారు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి. ఇప్పుడు ఆ ఇంటిని ఆయన పేరిట ఉన్న ఫౌండేషనువారు కాపాడుతున్నారు. రెండు గదుల్లో ఇమిడే జీవితం చూచి పెరిగిన పిల్లవాడు 1909లో అడయారు చేరి, దివ్యజ్ఞాన సమాజంవారి కంటబడ్డాడు. లోకగురువు ఇతడేనన్నారు. ఆయన కోసం ఒక సంఘమే వెలిసింది. ఐరోపాలో కోటలు, భూములు సమకూరాయి. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఒమెన్ అనే ఊళ్లో మూడువేల మంది శిష్యుల ఎదుట నిలబడి, ఆ సంఘాన్ని తానే రద్దు చేశాడు. నాకు శిష్యులు వద్దు, సత్యానికి సంఘాలు పనికిరావు అన్నాడు. వచ్చిన సంపదను తిరిగి ఇచ్చివేశాడు. పీఠాలు ఎక్కడానికి పోటీపడే లోకంలో, ఎక్కించిన పీఠం దిగివచ్చిన మనిషి ఎంత అరుదు! ఐరోపాకు పోయే మనవాళ్లు ఆమ్‌స్టర్‌డాంలో కాలువలు చూచి వస్తారు. ఒమెన్ దాకా పోయేవారు ఎందరు?

మదనపల్లెకు పది మైళ్ల దూరాన రిషివ్యాలీ విద్యాలయం ఆయన ఆలోచనల మీద నడుస్తూ ఉంది. పెద్ద మర్రిచెట్టుకు పేరుపడ్డ చోటు అది.

మరునాడు ఉదయం ఆరోగ్యవరం పోయాను. పెద్దవయసు పాఠకులకు ఈ పేరు వినగానే గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. ఒకప్పుడు "వాళ్లబ్బాయిని మదనపల్లెకు తీసుకుపోయారు" అంటే ఇక విడమరచి చెప్పనక్కరలేదు. క్షయ. మందు లేని రోజుల్లో మంచిగాలి, మంచి తిండి, విశ్రాంతి తప్ప చికిత్స లేదు. అందుకే ఈ గాలిని వెతుక్కొంటూ 1912లో మిషన్ సంఘాలు కలిసి ఇక్కడ శానిటోరియం ప్రారంభించాయి. దాని మొదటి పెద్ద డాక్టరు ఫ్రిమొట్ మొల్లర్ డెన్మార్కు దేశస్థుడు. దక్షిణదేశం నలుమూలల నుంచి రోగులు వచ్చారు. 1950 నుంచి ఈ చుట్టుపక్కల పల్లెల్లో బి.సి.జి. టీకా మీద జరిగిన పరిశోధన ప్రపంచమంతటా వైద్యులు చదివినది. ఇప్పుడు అది అన్ని రోగాలకూ వైద్యం చేసే ఆస్పత్రి.

చెట్ల కింద నడుస్తుంటే ఒక సంగతి మనసుకు తట్టింది. కృష్ణమూర్తి ప్రాణంగా చూచుకొన్న తమ్ముడు నిత్యానంద క్షయతో బాధపడి 1925లో అమెరికాలో మరణించాడు. ఏ ఊరిగాలి కోసం ఎక్కడెక్కడి రోగులో వచ్చేవారో, ఆ ఊరి బిడ్డ గాలిమార్పు కోసం సముద్రాలు దాటిపోయాడు. విధి అంటే ఇదే కాబోలు!

హార్సిలీ కొండల గురించి అందరూ వ్రాసినదే గనుక రెండు మాటలతో సరిపెడతాను. స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. కడప కలెక్టరు హార్స్‌లీ 1870 ప్రాంతాన వేసవి విడిదికి ఇల్లు కట్టుకొన్నాక ఆయన పేరు నిలిచిపోయింది. దాదాపు 4,100 అడుగుల ఎత్తు. పైన 1859లో నాటిన యూకలిప్టస్ చెట్టు ఒకటి ఉంది. దానికి కల్యాణి అని పేరు. దొర పేరు కొండకు మిగిలింది, మన పేరు దొరల చెట్టుకు మిగిలింది!

పుంగనూరు

మదనపల్లెలో టమాటా మార్కెట్టు దేశంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. పుంగనూరు బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఆ పూటే పన్నెండు బుట్టలు అమ్ముకొని వస్తున్నది. ధర ఎంత పలికిందని అడిగితే, "నిన్నటి దానికీ నేటి దానికీ సంబంధమే లేదు మా. టమాటా అంటేనే జూదం" అని నిట్టూర్చింది. "మీరు యా వూరు పోతారు? ఎవురింటికి?" అన్నది. ఎవరింటికీ కాదు, పాతకోట చూడడానికన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, "అట్లయితే గంగమ్మ జాతరకు రావాల్సింది మా. ఇప్పుడొచ్చి ఏం జేస్తారు?" అన్నది. ఆ మాటలో ఎంత అర్థముందో ఊళ్లో దిగాక తెలిసింది.

పుంగనూరు జమీందారులు సుగుటూరు వంశీయులు. సుగుటూరు ఉన్నది కోలారు సీమలో. బెంగుళూరు దగ్గర హోసకోట కట్టిన తమ్మెగౌడ ఈ వంశంవాడే. విజయనగర ప్రభువుల కాలంలో పాళెగాళ్లుగా ఎదిగి, కాలక్రమాన పుంగనూరుకు వచ్చి స్థిరపడ్డారు. వచ్చేటప్పుడు సామాను, సైన్యమే కాదు, కులదేవతను కూడా తెచ్చుకొన్నారు. ఆమె సుగుటూరు గంగమ్మ. ఊరు మారినా అమ్మవారి ఇంటిపేరు మారలేదు. అత్తవారింట్లో ఎన్నేళ్లున్నా పుట్టింటి పేరుతో పిలిపించుకొనే ముసలమ్మలు మన ఇళ్లల్లో ఉండరూ? అలాగే.

తరువాత హైదరాలీ వచ్చాడు, టిప్పు వచ్చాడు, కుంపిణీవారు వచ్చారు. పాళెగాడు జమీందారయ్యాడు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ జమీందారీ కూడా పోయింది. కోట గోడ, దాని వెనక ప్యాలెసు మిగిలాయి. నేను పోయింది జాతర రోజు కాదు గనుక వాకిలి బయట నిలబడి చూచాను. వియన్నాలోనైతే ఇంత ప్యాలెసుకు టిక్కెట్టు పెట్టి, చెవికి యంత్రం తగిలించి, ఏ గదిలో ఏ రాణి ఏ పట్టుచీర కట్టిందో చెప్పేవారు. ఇక్కడ చెప్పింది ఎదురుగా టీ అంగడి పెట్టుకొన్న పెద్దాయన.

"జాతరనాడు జూడాల తల్లీ. అమ్మోరు కోటలోనే కొలువుంటాది. ముందు జమీందారోళ్ల పూజ. ఆ పైన ఊరంతా లోపలే. మామూలురోజు మనం తొంగిచూసే వాకిలి, ఆపొద్దు మందే."

రాజ్యం పోయింది, పన్ను పోయింది, పల్లకీ పోయింది. కాని మొదటి పూజ చేసే హక్కు మిగిలింది. దానికి బదులుగా వాకిలి తెరిచే బాధ్యతా మిగిలింది. ఐరోపా ప్రభువుల భవనాలు ప్రజలవి కావడానికి కొన్నిచోట్ల విప్లవాలు రావలసివచ్చాయి. పుంగనూరులో గంగమ్మ ఏటేటా రెండురోజులు ఆ పని ఎవరి రక్తమూ చిందకుండా చేయించుకొంటున్నది. అయ్యో, మేకలూ కోళ్ల సంగతి మరిచాను. వాటి మాట వేరు.

పుంగనూరు పేరు దేశమంతటా తెలిసింది కోటవల్ల కాదు, ఆవువల్ల. గజం ఎత్తు కూడా దాటని ఆవు ఇది. మీ ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లవాడుంటే దాని వీపు మీద అలవోకగా చేయి వేయగలడు. కొద్దిమేత తింటుంది, కరువుకు తట్టుకొంటుంది. మామూలు ఆవుపాలలో వెన్న మూడు, నాలుగు పాళ్లుంటే, దీని పాలలో ఎనిమిది దాకా ఉంటుందని చెబుతారు. ఇంత మంచి గొడ్డు దాదాపు అంతరించిపోవడానికి కారణమేమిటంటారా? పాల కొలత పెరగాలని విదేశీ జాతులతో సంకరం చేయడం మొదలుపెట్టాం. శేరు లెక్కలో ఓడిపోయిన ఆవును రైతు ఎన్నాళ్లు మేపగలడు? ఊరి పేరు పెట్టుకొన్న ఆవు ఊళ్లోనే కనబడకుండా పోయింది. పలమనేరు పశుపరిశోధన కేంద్రంవారు గుప్పెడు పశువులను కాపాడి, జాతిని నిలబెట్టారు. 2024 సంక్రాంతి సందర్భంగా ఢిల్లీలో ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫోటో పత్రికల్లో వచ్చాక దీనికి గిరాకీ పెరిగింది. టీ అంగడి పెద్దాయన మాట వినండి.

"ముందర ఊరికే ఇస్తామన్నా తోలకపోయేవాళ్లు లేరు. ఇప్పుడు కార్లేసుకొని వస్తారు. పాలకు గాదు, ముద్దుకు. ఈ ఊరి ఆవు తల్లీ అది. ఈ ఊర్లో ఎవురింటి ముందన్నా కనబడిందా మీకు?"

నేను వీధులన్నీ తిరిగి చూచాను. ఒక ఇంటి ముందు ఒకటే కనబడింది. తెల్లది. ఇంటావిడ దానికి కుడితి పెడుతూ, "ఇది మా మామగారి కాలం నించి వస్తున్న సంతు" అన్నది. ఎంతకు ఇస్తారని ఎవరెవరో అడిగి పోయారట. "ఇంట్లో ముసలామెను ఎంతకిస్తావంటే చెబుతామా?" అన్నది. ఆ తల్లి మాట నేను పుస్తకంలో కింద గీత గీసి వ్రాసుకొన్నాను.

కుప్పం

పుంగనూరు నుంచి పలమనేరు చేరి, అక్కడ బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం పోయాను. దారి పొడవునా కొండలు, చింతచెట్లు, రాగిచేలు, మల్బరీ తోటలు. ఇది ఏనుగుల సీమ కూడా. దాదాపు రెండువందల ఏళ్లు ఆంధ్రదేశంలో అడవి ఏనుగు లేదు. 1980 తరువాత పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి మంద ఒకటి ఇటు వచ్చి ఉండిపోయింది. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చూడవచ్చిన వాళ్లకు ఏనుగు వింత. చెరకు వేసిన రైతుకు ఏనుగు వచ్చిన రాత్రి కాళరాత్రి. 2025 మేలో కర్ణాటకం నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చారు, అడవి ఏనుగులను పొలాల నుంచి మళ్లించడానికి. ఆ సంవత్సరమే ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణానీరు కుప్పం చేరింది. శ్రీశైలం నీరు కొండలెక్కి రాష్ట్రపు ఈ చివరి మూలకు రావడమంటే మాటలు కాదు. బస్సులో ఎవరిని కదిపినా ఈ రెండే కబుర్లు - ఏనుగూ, నీరూ.

కుప్పం మూడు రాష్ట్రాల ముంగిలి. ఇటు తమిళనాడు, అటు కర్ణాటకం. 1864లోనే బెంగుళూరుకు పోయిన రైలుమార్గం మీది ఊరు. ఊరికి ఆరేడు మైళ్లలో కంగుంది అనే పల్లె ఉంది. అక్కడ పాళెగాళ్ల కోట ఒకటి కొండరాళ్ల మధ్య శిథిలమై ఉంది. కుప్పం ప్రాంతమంతా ఒకప్పుడు కంగుంది జమీందారీయే. ఆటో మాట్లాడుకొని పోయాను. పెద్దపెద్ద గుండ్లు, వాటిని ఆనుకొని కూలిన గోడలు, గుళ్లు. గోడ ఏది, కొండ ఏది అని పోల్చుకోవడమే కష్టం. కట్టినవాళ్లు కొండనే గోడగా వాడుకొన్నారు.

ఆ రాతికి ఇంకొక చరిత్ర కూడా నడుస్తున్నది. 'కుప్పం గ్రీన్' అనే పచ్చచాయ గ్రానైటుకు ఈ ప్రాంతం ప్రసిద్ధి. పలకలుగా కోసి, నునుపు చేసి, ఓడలెక్కించి విదేశాలకు పంపుతారు. మనం అక్కడి రాతి భవనాలు చూడడానికి పోతున్నాం. మన రాయి మనకంటే ముందే అక్కడికి పోయి కూర్చున్నది! కోట ఉన్న కొండా, కోసే కొండా ఒకటే జాతి రాయి. దేన్ని ఉంచుకోవాలో, దేన్ని అమ్ముకోవాలో తెలిసి చేస్తే చిక్కులేదు.

తెలుగు పంతులమ్మను గనుక ద్రావిడ విశ్వవిద్యాలయం చూడక తిరిగిపోలేను. 1997లో దక్షిణ రాష్ట్రాల సహకారంతో మన ప్రభుత్వం దీన్ని నెలకొల్పింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ఒక్క కప్పు కింద చదువుకొనే చోటు. ఈ భాషలన్నీ ఒక తల్లిబిడ్డలని శాస్త్రీయంగా మొదట నిరూపించినవాడు మద్రాసు కలెక్టరుగా ఉన్న ఎల్లిస్. 1816లో కాంప్‌బెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణానికి పీఠికగా ఆ సంగతి ప్రకటించాడు. అప్పటిదాకా పండితులు ఇవన్నీ సంస్కృతం నుంచి పుట్టినవనే అనుకొనేవారు. నలభై ఏళ్ల తరువాత, 1856లో, కాల్డ్‌వెల్ పెద్ద గ్రంథమే వ్రాశాడు. ఎం.ఏ.లో ఇదంతా మేము పరీక్షల కోసం బట్టీ పెట్టాం.

కుప్పం బజారులో ఆ సిద్ధాంతం పూలబుట్ట ముందర కూర్చుని కనబడింది. తిరుపతి గంగమాంబ గుడికి పోయే దారిలో పూలమ్ముకొనే ఒకావిడ. నాకు మూర ఇంత అని చెప్పింది. నా వెనక వచ్చినామె తమిళంలో అడిగితే, ముళం ఇంత అన్నది. ఇంకొకాయన కన్నడంలో అడిగితే మొళ ఇంత అన్నది. చేయి మాత్రం ఒకటే, మోచేతి నుంచి వేలికొస దాకా. మూర, ముళం, మొళ. పువ్వు, పూ, హూవు. పాలు, పాల్, హాలు. ఎల్లిస్ ఎన్ని గ్రంథాలు తిరగేసి కనిపెట్టాడో, ఈవిడ రోజూ మూరలు వేసి అమ్ముతున్నది.

"మూడు భాషలూ ఎక్కడ చదువుకొన్నావమ్మా?" అని అడిగాను.

"చదువా!" అని నవ్వింది. "మా యమ్మ అరవామె. మా నాయన తెలుగు. నన్నిచ్చింది కన్నడోళ్లకు. ఏ మాట ఎవురిదో నాకేం తెలుసు? కొనేటోళ్లు ఏది మాట్లాడితే అదే."

తరువాత ఆవిడా అడగవలసిన ప్రశ్న అడిగింది. "తోడెవరూ లేరా, అమ్మా?"

ఈ నాలుగు రోజుల్లో ఆ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్క పెట్టలేదు. మొదటిరోజు కొంచెం చిరాకు కలిగింది. ఆడది ఒంటరిగా ఊరు చూడకూడదా అనిపించింది. రెండోరోజుకు అర్థమయింది. వసతి గృహం గుమాస్తా తప్ప మిగిలినవారెవరూ అనుమానంతో అడగలేదు. అడిగినవాళ్లు ఆ వెంటనే తామే తోడయ్యారు. టమాటాల ఆవిడ బస్సు దిగి నాకు కోట దారి చూపించి పోయింది. టీ అంగడి పెద్దాయన డబ్బు తీసుకోనన్నాడు; బలవంతాన ఇచ్చాను. కంగుందికి తీసుకుపోయిన ఆటో అబ్బాయి, "మీరు దిగొచ్చేదాకా నేను ఈడనే ఉంటా మేడమ్, భయపడొద్దు" అని గంటన్నర చింతచెట్టు కింద కూర్చున్నాడు. ఒంటరిగా పోతేనే ఇందరు కలిశారు. మనవాళ్లతో పోతే మనవాళ్లతోనే మాట్లాడుకొని తిరిగివచ్చేదాన్ని.

ఇక ఈ ఊళ్లు చూడదలచిన పాఠకులకు రెండు ముక్కలు. కార్తికం నుంచి ఫాల్గుణం దాకా వాతావరణం బాగుంటుంది. గంగమ్మ జాతరలు చూడాలంటే మాత్రం ఎండలకు ఓర్చుకోవాలి. కుప్పం జాతర మే నెలలో జరుగుతుంది. మదనపల్లెకు రెండు రోజులు, పుంగనూరుకు ఒకటి, కుప్పానికి ఒకటి చాలు. పిల్లలను తీసుకుపోతే నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే మగ్గం చూపించండి. చీర వెల గురించి ఇంట్లో బేరాలు తగ్గుతాయి. పలమనేరులో పుంగనూరు ఆవులను చూడవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. ఐరోపా ఊళ్లలో గోడలు మాట్లాడతాయి. మన ఊళ్లలో గోడలు ఇంకా మాటలు నేర్వలేదు, మనుషులే చెప్పాలి. చెప్పేవాళ్లలో చాలామంది పెద్దవయసువాళ్లు. జాతరనాడు వాకిలి ఎందుకు తెరుస్తారో, మామగారి కాలపు ఆవు సంతు ఏదో, ఏ బిడ్డ ఏ ఇంట్లో పుట్టి ఏ దేశంలో ఏమి వదులుకొన్నాడో - ఇవన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. "మా ఊళ్లో చూసేదానికి ఏముంది?" అనేవాళ్లను అక్కడితో వదిలిపెట్టకండి. ఇంకొక ప్రశ్న అడగండి. టీ చల్లారేలోగా ఒక చరిత్ర బయటపడుతుంది.

ఐరోపా ప్రయాణం మానుకొన్నారా అంటారేమో! మానుకోలేదు. డబ్బు కూడబెడుతున్నాను. పోయేనాటికి ఒమెన్ ఊరి పేరు నా పట్టికలో మొదట ఉంటుంది. అక్కడివారు ఎవరైనా, "మీది ఏ ఊరు, మదనపల్లె ఎలా ఉంటుంది?" అని అడిగితే చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర నాలుగు రోజుల పుస్తకం ఉంది.